అమెరికాలో బ్యాంక్రప్సీ తర్వాత కారు లోన్: మూడు దారుల మీద రివ్యూ

చాప్టర్ 7 కేసు (అప్పులు తీర్చలేనివాళ్లు కోర్టు ద్వారా వాటిని రద్దు చేయించుకునే దివాలా కేసు) పబ్లిక్ రికార్డు. అందుకే డిశ్చార్జ్ (అప్పులు రద్దు చేస్తూ కోర్టు ఇచ్చే ఆర్డర్) అవగానే "లోన్ గ్యారంటీ" అంటూ డీలర్ల ఉత్తరాలు ఇంటికి రావడం మొదలవుతుంది. నిజానికి లోన్ పుట్టడం అంత కష్టం కాదు. పాత అప్పులు చాలావరకు పోయాయి, పైగా ఆ కేసు వేసిన తేదీ నుంచి 8 ఏళ్ల దాకా ఇంకో చాప్టర్ 7 డిశ్చార్జ్ దొరకదు. అప్పిచ్చేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తేడా అంతా ఎంత వడ్డీకి, ఏ షరతుల మీద ఇస్తారన్న దగ్గరే.

మా మొదటి ఓటు క్రెడిట్ యూనియన్‌కే, అంటే సభ్యులే యజమానులుగా నడిచే సహకార బ్యాంకు లాంటిదానికే. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు మామూలు కారు లోన్ మీద ప్రస్తుతం 18 శాతానికి మించి వడ్డీ వేయడానికి లేదు. చిన్న యూనియన్లలో క్రెడిట్ స్కోరు చూసి కంప్యూటర్ కాదన్నా, లోన్ ఆఫీసరు ఫైలు తెరిచి చూసే అవకాశం ఎక్కువ. పే స్టబ్‌లు (జీతం చీటీలు), అద్దె సక్రమంగా కట్టిన రుజువు, డిశ్చార్జ్ ఆర్డర్ కాపీ తీసుకెళ్లండి. ఆస్పత్రి బిల్లులో, ఉద్యోగం పోవడమో, అప్పు ఎందుకు పెరిగిందో చెప్పే అర పేజీ ఉత్తరం కూడా జత చేయండి. మీ బ్యాంక్రప్సీలో డబ్బు పోగొట్టుకున్న యూనియనే అయితే మాత్రం అక్కడ ఆశ పెట్టుకోకండి, వేరేది వెతుక్కోండి.

15,000 డాలర్ల లోన్ 60 నెలలకు 11 శాతమైతే నెలకు సుమారు 326 డాలర్లు, 18 శాతమైతే 381. 55 డాలర్లే కదా అనిపిస్తుంది గానీ, ఐదేళ్లలో అది 3,300 అవుతుంది. "నెలకెంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబివ్వకండి. కారు ధర, ఏపీఆర్ (ఫీజులు కలిపిన ఏడాది వడ్డీ రేటు), ఎన్ని నెలలు అన్నవి విడివిడిగా అడగండి. 84 నెలలకు సాగదీస్తే ఎంత ఖరీదైన లోనైనా తేలిగ్గా కనిపిస్తుంది.

రెండో దారి డీలర్ కుదిర్చే సబ్‌ప్రైమ్ లోన్ (స్కోరు తక్కువున్నవాళ్లకు ఎక్కువ వడ్డీకి ఇచ్చేది). పని త్వరగా అవుతుంది. అయితే లెండర్ చెప్పిన రేటు మీద డీలర్ తన వాటా కలుపుకోవచ్చు. చేతిలో యూనియన్ అప్రూవల్ కాగితం ఉంటే ఇంతకన్నా తగ్గిస్తారా అని నిలదీయగలరు. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది యో-యో ఫైనాన్సింగ్‌లో. లోన్ ఖరారు కాకుండానే కారు ఇచ్చి పంపిస్తారు, కొన్ని రోజులకు ఫోన్ చేసి అప్రూవల్ రాలేదు, ఎక్కువ రేటుకు మళ్లీ సంతకం పెట్టమంటారు. లెండర్ నుంచి ఖరారు వచ్చేదాకా కొత్త కారు తెచ్చుకోవద్దు, పాత కారు అప్పగించొద్దు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొంటేనే లోన్ వస్తుందని చెబితే నేరుగా లెండర్‌నే అడిగి తేల్చుకోండి.

మూడోది బై హియర్ పే హియర్, అంటే కారు అమ్మే డీలరే అప్పిచ్చి కిస్తీలు వసూలు చేసుకునే షాపు. ఇది చివరి దిక్కు మాత్రమే. కారు మామూలు ధర కన్నా ఎక్కువకు అంటగడతారు, కిస్తీ చాలాచోట్ల వారానికో రెండు వారాలకో కట్టాలి, ఆలస్యమైతే బండి స్టార్ట్ కాకుండా ఆపే పరికరం బిగించే షాపులూ ఉన్నాయి. అన్నిటికన్నా బాధాకరమైన విషయం, చాలామంది డీలర్లు మీ చెల్లింపుల వివరాలను క్రెడిట్ బ్యూరోలకు (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు) పంపరు. అంటే మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టినా స్కోరు లేవదు. రిపోర్ట్ చేస్తామని రాతపూర్వకంగా ఇవ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

ఏ దారి పట్టినా ముందు మూడు బ్యూరోల రిపోర్టులూ ఉచితంగా తెప్పించుకుని చూడాలి. డిశ్చార్జ్ అయిన ఖాతాల్లో బాకీ సున్నా ఉండాలి. అక్కడ ఇంకా బకాయి కనిపిస్తుంటే లెండర్ దాన్ని బతికున్న అప్పుగా లెక్కేసి తిప్పి పంపుతాడు. డిశ్చార్జ్ ఆర్డర్ జతచేసి ఆ తప్పు మీద బ్యూరోకు డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. సరిచేశాకే దరఖాస్తులు పెట్టండి, అవి కూడా 14 రోజుల్లోపే. స్కోరు లెక్కలో అవన్నీ ఒకే ఎంక్వైరీ (లెండర్ మీ రిపోర్టు తెప్పించి చూడటం) కింద పోతాయి.

హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వీసా గడువు దాటి లోన్ ఇవ్వని లెండర్లు ఉన్నారు కాబట్టి ఐ-797 (వీసా హోదా ఆమోదం నోటీసు) కాపీ ముందే చూపించి నెలలు ఖరారు చేసుకోండి.

చాప్టర్ 13 (కోర్టు ప్లాన్ ప్రకారం కిస్తీల్లో అప్పు తీర్చే దివాలా) నడుస్తున్నవాళ్ల పద్ధతి వేరు. ట్రస్టీ (ఆ కిస్తీలు వసూలు చేసి అప్పులవాళ్లకు పంచే అధికారి) లేదా కోర్టు అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. డీలర్ దగ్గర ధర, రేటు, నెలవారీ కిస్తీ రాసిన బయ్యర్స్ ఆర్డర్ తీసుకుని మీ లాయర్‌కు ఇవ్వాలి. అనుమతికి వారాలు పట్టొచ్చు, ఈలోగా ఆ కారు అమ్ముడుపోనూవచ్చు. అందుకే ఫలానా కారని కాకుండా "ఇంతకు మించకుండా" అన్న పరిమితితో అనుమతి అడగమని లాయర్‌కు చెప్పండి.