అమ్మమ్మ పచ్చబొట్టు, స్నాప్‌సీడ్, ఏడు నిమిషాల పని

మా అమ్మమ్మకి గోడకి పెట్టుకునే ఫొటో ఒకటి కావాలి. "నేను పోయాక ఎవడి పెళ్లి ఫొటోలోంచో నా మొహం కత్తిరించి దండేస్తారు, అదేదో ఇప్పుడే తీసి తగలెయ్యండి" అని రెండేళ్లుగా గొడవ. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా ఫోన్‌తోనే తీశాను. బాగానే వచ్చింది. ప్రింటు కోసం ఒక స్టూడియోలో ఇస్తే రెండు రోజులకి పెద్ద సైజులో, లామినేషన్ కూడా చేసి ఇచ్చారు.

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఎవరే ఈవిడ? మా చిన్నక్కలా ఉంది" అంది. తర్వాత ఫొటోలో నుదుటి మీద వేలు పెట్టి, "నా పచ్చబొట్టేదే?" అంది.

నిజంగానే లేదు. కనుబొమల మధ్య నిలువుగా చిన్న గీతలా ఉండేది, ఆవిడ పదేళ్ల వయసులో పొడిపించుకున్నది, మచ్చలతో పాటు తుడిచిపెట్టుకుపోయింది. రంగు రెండు ఛాయలు తేలింది. బుగ్గలు మైదాపిండి ముద్దల్లా నున్నగా ఉన్నాయి. మెడ మాత్రం అసలు రంగులోనే ఉంది, అక్కడిదాకా వచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది. "పోయేటప్పుడు వెంట వచ్చేది అదొక్కటేనే, దాన్నీ తీసేశారా" అంది అమ్మమ్మ. నవ్వుతూనే అంది కానీ నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ రాత్రి అదే ఫొటోని ఫోన్‌లో ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ అనే యాప్‌లో నేనే దిద్దాను. ఈ రివ్యూ దాని గురించే. నేను ఫొటోగ్రాఫర్‌ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కాకపోతే మా ఇంట్లో సంబంధాలకి పంపే ఫొటోల దగ్గర్నుంచి పుట్టినరోజు ఫ్లెక్సీల దాకా అన్నీ నా నెత్తినే పడతాయి.

యాప్ కొత్తదేం కాదు. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2011లో ఐప్యాడ్ కోసం తెచ్చింది. 2012లో ఆ కంపెనీని గూగుల్ కొనేసింది, ఆ ఏడాది చివర్లోనే ఆండ్రాయిడ్‌కీ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, ఫొటో మూలన యాప్ పేరు అచ్చు వేయదు. 2025లో ఐఫోన్ వాళ్లకి రూపం మార్చారు. నేను చెప్పేది నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్న పాత రూపం గురించి.

ముందు అసలు ఫొటోలో తేడా ఏమిటో చూసుకున్నాను. ముడతలు కాదు, మచ్చలు కాదు. వరండాకి ఎండ పడకుండా మా మావయ్య ఆకుపచ్చ నెట్ కట్టించాడు. ఆ నెట్‌లోంచి వచ్చిన వెలుతురే మొహం మీద పడి, అమ్మమ్మ కామెర్లు వచ్చిన మనిషిలా ఉంది. స్టూడియోవాళ్లు తెల్లగా చేసింది బహుశా అందుకేనేమో. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

వైట్ బ్యాలెన్స్ టూల్‌లో ఒక డ్రాపర్ గుర్తు ఉంటుంది. ఫొటోలో తెల్లగా ఉన్నచోట దాన్ని పెడితే అదే తెలుపు అనుకుని మిగతా రంగులు సర్దుతుంది. అమ్మమ్మ తెల్ల జాకెట్టు మీద పెట్టాను. మొహం పసుపు రాసుకున్నట్టయింది! కాసేపటికి గానీ నాకు వెలగలేదు. అది నీలిమందు పెట్టి ఉతికిన జాకెట్టు. మన కంటికి మల్లెపూవులా కనిపిస్తుంది కానీ అందులో నీలం ఉంది. ఆ నీలాన్ని చంపడానికి యాప్ ఫొటో అంతా పసుపు కలిపింది. దాని తప్పేం లేదు, నేను చూపించిన తెలుపే దొంగ తెలుపు. డ్రాపర్ వదిలేసి, టింట్‌ని (ఆకుపచ్చకీ గులాబీకీ మధ్య జరిపే మీట) చేత్తోనే గులాబీ వైపు కొంచెం జరిపాను, టెంపరేచర్ (నీలానికీ పసుపుకీ మధ్య జరిపే మీట) రవ్వంత పెంచాను. ఆకుపచ్చ దిగిపోయింది. సగం పని అక్కడే అయిపోయింది.

తర్వాత హీలింగ్. దీని దగ్గరే అందరి చెయ్యీ జారుతుంది. వేలితో తాకితే మచ్చ మాయం, ఇంకోటి మాయం, పక్కది కూడా మాయం. చిప్స్ ప్యాకెట్ లాంటిది, ఒకటితో ఆగదు. అందుకని నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను: పదిహేను రోజుల్లో దానంతటదే పోయేదైతే తీస్తాను, పోనిదైతే ముట్టుకోను. అమ్మమ్మ ఎడమ బుగ్గ మీద దోమ కుట్టిన దద్దురు ఉంది, తీశాను. గడ్డం కింద పులిపిరి ఉంది, ఉంచాను. ముక్కుకి రెండు వైపులా కళ్లజోడు నొక్కిన గుంటలున్నాయి. వాటి మీదికి వేలు పోయింది గానీ, కళ్లజోడు తీస్తే ఆవిడకి ఎప్పుడూ అవి ఉండేవే కదా అని వెనక్కి తీసుకున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది సెలెక్టివ్. మొహం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వేళ్లు జరుపుతున్నంతసేపూ ఎంత మేర మారబోతోందో ఎర్రగా చూపిస్తుంది. చుక్క కింద ఏ రంగు ఉందో దాన్ని పోలిన చోట్లనే పట్టుకుంటుంది కాబట్టి, చెంప మీద పెడితే వెనకాల గోడ జోలికి అంతగా పోదు. ఒక ఫొటోకి ఇలాంటి చుక్కలు ఎనిమిది దాకా పెట్టొచ్చు. నేను రెండే పెట్టాను. కళ్ల కింద నీడ పడిన వైపు ఒకటి, బ్రైట్‌నెస్ 15. మెడ మీద ఒకటి, 8. మొహం ఒక్కదాన్నే వెలిగించి మెడని చీకట్లో వదిలితే ఎలా ఉంటుందో లామినేషన్ ఫొటోలో చూశాను కదా.

పోర్ట్రెయిట్ అని విడిగా ఒక టూల్ ఉంది. పేరు చూసి అందరూ ముందు అక్కడికే వెళ్తారు. మొహం మీద వెలుగు, చర్మం నునుపు, కళ్ల మెరుపు అని మూడు మీటలు. చర్మం నునుపు సున్నాలో పెట్టి, కళ్లది మాత్రం ఓ పది పెంచండి. ఫొటోలో ప్రతి గీతనీ గట్టిగా తేల్చే హెచ్‌డీఆర్ స్కేప్ అనే టూల్‌ని పెద్దవాళ్ల మొహానికి వాడకండి, ఎండిన చెరువులో నెర్రెలు చూసినట్టుంటుంది. హెడ్ పోజ్ అనేది తల తిప్పుతుంది, నవ్వు కూడా పెంచుతుంది. నవ్వని మనిషిని నవ్వించడం ఎందుకో నాకైతే తెలీదు.

ఒకసారి చేసింది ఎక్కువైందనిపిస్తే మొదటికి రానక్కర్లేదు. వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్తే చేసిన పనులన్నీ వరసగా ఉంటాయి. వాటిలో ఏదైనా ఒకదాన్ని తెరిచి మార్చుకోవచ్చు, లేదా బ్రష్‌తో కావలసిన చోట మాత్రమే అంటించొచ్చు. అన్నీ కలిపి నాకు ఏడు నిమిషాలు పట్టింది. తెల్లారాక అమ్మమ్మని పెరట్లో నీడలో నిలబెట్టి, ఫోన్ ఆవిడ మొహం పక్కన పెట్టి చూశాను. కొంచెం నీలం ఎక్కువుంది. రాత్రి ఫోన్‌లో కంటికి హాయి అని పసుపు తెర పెట్టుకుని పని చేశాను మరి. మీరు దిద్దేటప్పుడు ముందు దాన్ని ఆపేయండి.

ఇంకో మాట. ఈ కాస్త దిద్దడం కూడా అమెరికా వీసా ఫొటోకి పనికిరాదు. ఫిల్టర్లు, మొహం మార్పులు ఏవీ ఉండకూడదని వాళ్ల నిబంధన. మా పిన్ని కొడుకు ఫొటో మీద మొటిమ తీసేయమని నన్ను అడిగితే, మొటిమ తగ్గాకే మళ్లీ తీయించుకోమన్నాను. అలిగాడు.

ప్రింటు ఈసారి వేరే ల్యాబ్‌లో ఇచ్చాను, 12×18 అంగుళాలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపాను. కౌంటర్ దగ్గర కుర్రాడు స్క్రీన్ మీద తెరిచి, "కొంచెం ఫెయిర్ చేయమంటారా అక్కా? డబ్బులేం అక్కర్లేదు" అన్నాడు. ఏమీ చేయొద్దు, కలర్ కరెక్షన్ కూడా వద్దు, ఉన్నదున్నట్టు వేసివ్వమన్నాను. నమ్మకం కుదరక మళ్లీ అడిగాడు. కాగితం మీద రాసిచ్చి మరీ వచ్చాను.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది యాప్‌లో ఏదో లోపం ఉందని కాదు, అన్నేసి టూల్స్ ఎదురుగా పెట్టి మనిషిని ఊరిస్తుందని. పదింటిలో మూడు వాడి బయటికొచ్చేసేవాళ్లకి ఇంతకన్నా ఏం అక్కర్లేదు.

ఫ్రేమ్ కట్టించి తీసుకెళ్తే అమ్మమ్మ ముందు పచ్చబొట్టు వెతుక్కుంది. ఉంది. గడ్డం కింద పులిపిరి చూసి "ఇదీ ఉంచావా" అని మూతి విరిచింది. తర్వాత ఇంకా దగ్గరికి లాక్కుని, మెడలో గొలుసుకి వేలాడుతున్న రెండు పిన్నీసులు చూసింది.

"ఇవి తీసెయ్యకపోయావా అమ్మాయ్?"

"ఫ్రేమ్ కట్టించేశాను అమ్మమ్మా."

"సర్లే, ఉండనీ. ఎవరికైనా అవసరపడతాయి."