వరూధిని, గిరిక, మొల్ల: అమ్మాయికి ఏ పేరు మేలు?

ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చిన మర్నాటి నుంచే పేరు కోసం వెతుకులాట మొదలవుతుంది. అందరికీ కావాల్సింది ఒకటే, "ఎవరికీ లేని పేరు". అందరూ అవే పేర్ల జాబితాల్లో వెతుకుతారు కాబట్టి ఎల్‌కేజీకి వచ్చేసరికి ఒకే తరగతిలో ఆద్యలు ముగ్గురు తేలతారు, పక్క బెంచీలో శాన్వి, సాన్వి, తన్వి. ఆ జాబితాల్లో అర్థాలు చూస్తే ఇంకా తమాషా. సగం పేర్లకు "లక్ష్మీదేవి", మిగతా సగానికి "దేవుడిచ్చిన వరం". ఏ నిఘంటువులోనూ దొరకని మాటకు కూడా సంస్కృత మూలం ఉందని ధైర్యంగా రాసేస్తారు.

అరుదైన పేరే కావాలంటే కొత్తగా కల్పించాల్సిన పనేం లేదు. మన కావ్యాల్లో వందల ఏళ్లుగా ఉండి, పిల్లలకు పెట్టడం మాత్రం తగ్గిపోయిన పేర్లు బోలెడున్నాయి. వాటిలోంచి మూడు తీశాను: వరూధిని, గిరిక, మొల్ల. రుద్రమను పక్కన పెట్టాను. 2015లో సినిమా వచ్చాక ఆ పేరు వినని తెలుగువాళ్లు లేరు. కళాపూర్ణోదయంలోని కలభాషిణి నాకిష్టమే కానీ ఇంట్లో "కల", బడిలో "భాషిణి" అని రెండు ముక్కలైపోతుందని వదిలేశాను.

గిరిక పైకి అన్నిటికన్నా సులువైన పేరు. మూడక్షరాలు, ఒత్తుల్లేవు, దీపిక, రితికల వరసలో కలిసిపోతుంది. రామరాజభూషణుడి వసుచరిత్రలో నాయిక ఈమె. తండ్రి కోలాహల పర్వతం, తల్లి శుక్తిమతీ నది. తనకు అడ్డం పడ్డ కొండను వసురాజు కాలితో తన్ని దారి చేస్తే, ఆ నది తన బిడ్డల్ని ఆయనకు అప్పగించింది. ఆ కూతురినే ఆయన పెళ్లాడాడు. గిరికి పుట్టింది కాబట్టి గిరిక.

తెలుగు సాహిత్యంలో బాగా పేరుమోసిన ముక్కు కూడా ఈవిడదే. తుమ్మెదలు అన్ని పువ్వుల మీదా వాలతాయి, సంపెంగ దగ్గరికి మాత్రం రావు. ఆ దిగులుతో సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టిందట. ఇప్పుడు తుమ్మెద బారుల్లాంటి చూపులు దానికి రెండు పక్కలా చేరాయట! ఆ పద్యం అసలు నంది తిమ్మనదని, భట్టుమూర్తి (రామరాజభూషణుడి ఇంకో పేరు) దాన్ని కొనుక్కున్నాడని, తిమ్మన కాస్తా ముక్కు తిమ్మన అయింది అందుకేనని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమైనా కాకపోయినా చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. భారతం ఆదిపర్వంలోని మూలకథలో ఆ కొండ నదిని మోహించి బలవంతం చేస్తుంది. పదిహేనేళ్లు వచ్చాక అమ్మాయి తన పేరు ఫోన్‌లో వెతుక్కుంటే మొదట తగిలేది అదే. అమరకోశం తెరిస్తే గిరిక అంటే చిట్టెలుక. దాన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. గిరకను మాత్రం అలా వదల్లేం. బావి మీద తాడు వేసి చేద లాగే చక్రాన్ని చాలా ఊళ్లలో గిరక అనే అంటారు. ఆ గుడి ఎగరగొట్టడానికి రెండో తరగతి మగపిల్లలకు ఒక్క పూట చాలు. విదేశంలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు: జీ పక్కన ఐ చూడగానే అక్కడి టీచరు "జిరికా" అని పిలిచే అవకాశమే ఎక్కువ.

మొల్ల దగ్గరికి వస్తే అర్థం గురించి వాదనే లేదు, అది మల్లె జాతి పువ్వు. రెండే అక్షరాలు, అచ్చ తెలుగు. సంస్కృతం పేర్ల మధ్య ఇలాంటి పేరు వినపడితే చెవికి హాయిగా ఉంటుంది. మిగతా ఇద్దరూ కవులు రాసిన పాత్రలైతే, ఈవిడ తానే కవి. ఆతుకూరి మొల్ల కుమ్మరింట పుట్టింది, తండ్రి కేసన. ఊరు గోపవరమని, అక్కడి శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్లే కవిత్వం అబ్బిందని తనే చెప్పుకుంది. ఆ గోపవరం కడప జిల్లా బద్వేలు దగ్గరిదని ఎక్కువమంది చెబుతారు. ఆరు కాండల రామాయణం రాసి ఏ రాజుకూ అంకితమివ్వలేదు, రాముడికే ఇచ్చింది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం కూడా ఉంది. అటు వెళ్లినప్పుడు పిల్లకు చూపించి "ఇదుగో, నీ పేరు ఈవిడదే" అనొచ్చు. ఆ అవకాశం మిగతా రెండు పేర్లకూ లేదు.

ఇంత మెచ్చుకుని కూడా ఎందుకు జంకుతున్నానంటే, ఆ పేరు ఒక్క మనిషికే అంటుకుపోయింది. మొల్ల అని పరిచయం చేసుకోగానే "అయితే పద్యాలు రాస్తావా అమ్మా?" అంటారు. లెక్కలంటే ప్రాణమైన పిల్లకు జీవితాంతం అదే ప్రశ్న విసుగు. బడిలో మొలతాడు జోకు ఎలాగూ తప్పదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంకోటి: బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో మొల్లా అనేది చాలామంది ముస్లింల ఇంటిపేరు. అందులో తప్పేం లేదు. కాకపోతే పాస్‌పోర్టులో పేరేది, ఇంటిపేరేది అని ప్రతి కౌంటర్ దగ్గరా విడమరిచి చెప్పుకోవాలి.

ఇక వరూధిని. ముందే చెబుతున్నా, నా మొగ్గు ఇటే.

అల్లసాని పెద్దన మనుచరిత్ర చదివినవాళ్లెవరూ ఈమె ప్రవేశాన్ని మర్చిపోరు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు రాసుకుని ప్రవరుడు హిమాలయాలకు వెళ్లాడు, మంచుకు పసరు కరిగి దారి తప్పాడు. మనిషి కనిపించక ముందే వాసన వచ్చింది: కస్తూరి, పచ్చకర్పూరం వేసిన తాంబూలం వాసన. ఆ గాలి వెంటే వెళితే వీణ వాయిస్తూ ఈవిడ. ఇల్లు చేరే దారేదని ఆయన అడిగితే, ఇంతింత కళ్లు పెట్టుకుని దారి ఇంకొకరిని అడుగుతావేమయ్యా, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లతో మాట కలపడానికి కాకపోతే, అని ఎత్తిపొడిచింది. ఆ ఒక్క జవాబు కోసమైనా ఈ పేరు పెట్టుకోవచ్చు.

నాన్నమ్మలు ఒప్పుకోరని తెలుసు. "అప్సరస పేరేంట్రా, అదీ బ్రాహ్మడి వెంటపడి కాదనిపించుకున్నదాని పేరు!" అంటారు. ప్రవరుడి వేషంలో వచ్చిన గంధర్వుడి చేతిలో మోసపోయిందని కూడా గుర్తుచేస్తారు. నిజమే. కానీ కావ్యంలో తన మనసులో ఉన్నది దాచుకోకుండా, భయపడకుండా చెప్పింది ఆవిడే. ప్రవరుడికి నిష్ఠ ఉంది, మాటకారితనం మాత్రం వరూధినిదే. పైగా ఆవిడ కొడుకు స్వరోచి, మనవడు స్వారోచిష మనువు. పద్నాలుగు మన్వంతరాల్లో రెండోది ఆయనదే. మనువుకు నాన్నమ్మ అయినావిడ పేరు ఒక పిల్లకు తక్కువెలా అవుతుంది? పెద్దవాళ్లకు ఇదీ చాలకపోతే పంచాంగం తీసి చూపించండి, చైత్ర బహుళ ఏకాదశిని వరూధిని ఏకాదశి అనే అంటారు.

అర్థం కూడా గట్టిది. వరూథమంటే రథానికి రక్షణగా ఉండే కవచం, వరూథిని అంటే సేన. అమరకోశం సేనకు చెప్పిన పేర్లలో వాహినితో పాటు ఇదీ ఉంది. సంస్కృతంలో థ, తెలుగులో మనకు అలవాటైంది ధ. హిందీవాళ్లు థ అని రాస్తే వాదించకండి, వాళ్లదీ తప్పు కాదు. ఇంట్లో "వరూ" అని పిలుచుకోవచ్చు. దీన్ని వెక్కిరింపుగా మార్చే మాట నాకైతే ఒక్కటీ తట్టలేదు, బడి గొడవల్లో అది చిన్న లాభం కాదు. పొడవు ఎక్కువంటారా, ప్రియదర్శిని, సౌదామిని పెట్టుకున్నప్పుడు లేని బెంగ దీనికెందుకు?

మూడిట్లో ఏది ఎంత అరుదో అంకెల్లో చెప్పే పట్టిక మనకు లేదు. అమెరికాలో అయితే ఏడాదిలో కనీసం ఐదుగురికి పెట్టిన ప్రతి పేరునూ సోషల్ సెక్యూరిటీ శాఖ బయటపెడుతుంది. ఇక్కడ చెవులే ఆధారం. వరూధిని పెద్దతరంలో అక్కడక్కడా వినిపిస్తుంది, గిరిక, మొల్ల అంతకన్నా అరుదు.

నామ నక్షత్రం చూసేవాళ్లకు లెక్క ఇలా వస్తుంది: వరూధిని రోహిణికి, గిరిక ధనిష్ఠకు, మొల్ల పుబ్బకు. హ్రస్వ దీర్ఘాల తేడాను చాలామంది పురోహితులు పట్టించుకోరు. పుబ్బలో పుట్టిన పిల్ల అయితే నేను కూడా మొల్ల వైపు జరుగుతానేమో. లేదా బియ్యంలో మొల్ల అని రాసి, బడిలో వరూధిని అని వేయించండి, ఎవరొద్దన్నారు?

ఇరవై ఒకటో రోజుకల్లా తేలకపోతే టెన్షన్ పడక్కర్లేదు. జనన నమోదులో పేరు చేర్చడానికి ఏడాది దాకా రుసుము లేదు, ఆలస్య రుసుముతో అయితే 15 ఏళ్ల దాకా వీలుంది. వరూధిని అని ఖాయం చేసుకుంటే మాత్రం స్పెల్లింగ్‌లో ఆ దీర్ఘానికి ఒక యూ వేస్తారా, రెండు ఓలు వేస్తారా అన్నది మున్సిపాలిటీకి వెళ్లకముందే తేల్చుకోండి. జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి పడితే సరిచేయించడానికి చెప్పులరిగేలా తిరగాలి.