కట్టెకు కట్టిన టార్చి: మూడు యాసంగుల తర్వాత

ఈ లైటు మీద నాకున్న కోపమంతా దాని బటన్ మీదే. వెలుగు మీద కాదు. వెనకాల బొటనవేలికి తగిలే ఆ రబ్బరు ముక్క మీద.

అచ్చంపేట దాటాక నల్లమల అంచున మాకు మూడెకరాల పల్లి చేను ఉంది. కాయ ఊరడం మొదలైనప్పటి నుంచి పీకేదాకా రాత్రిళ్లు మంచె మీదే పడక. లేకపోతే అడవి పందులు ఒక్క రాత్రిలో నాలుగు సాళ్లు దున్నిపోతాయి. నేను బలగాల్లో పనిచేసి వచ్చినవాణ్ణి. చివరి కొన్నేళ్లు లైటు బిగించిన కార్బైన్, అంటే పొట్టి తుపాకి, పట్టుకుని తిరిగిన చేతికి ఇప్పుడు వెదురు కట్టె వచ్చింది. పందిని చంపాలని కాదు, అనుమతి లేకుండా చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. కంచెకు కరెంటు పెట్టే పని అసలే వద్దు, దానికి పందుల కంటే ముందు మనుషులే బలవుతున్నారు. నేను చేసేది ఎడమ చేత్తో రాళ్లు వేసిన డబ్బా ఊపడం, కుడి చేత్తో కట్టె పట్టుకోవడం. టార్చికి మూడో చెయ్యి లేదు. అందుకే దాన్ని కట్టెకు బిగించాను.

నెత్తికి కట్టుకునే లైటు కూడా వాడి చూశాను. పురుగులన్నీ మొహం మీదికే వస్తాయి. చలి రాత్రి మన నోటి ఆవిరే తెల్లగా కళ్లకు అడ్డం పడుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద ల్యూమెన్ల అంకె చూసి మురిసిపోవద్దు. అది మొత్తం వెలుగు లెక్క. ఎంత దూరం పోతుందో చెప్పేది క్యాండెలా. 10,000 క్యాండెలా ఉంటే 200 మీటర్లు అని రాస్తారు, 400 మీటర్లు కావాలంటే 40,000 ఉండాలి. ఆ చివరి మీటరు దగ్గర పడేది పున్నమి వెన్నెలంత వెలుగే. అక్కడున్నది పందో పొదో మీరే ఊహించుకోవాలి.

పైగా పందితో ఒక చిక్కుంది. కుక్క, పిల్లి, జింక, బర్రె, వీటి కళ్లు లైటు పడితే మెరుస్తాయి, ఎందుకంటే కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. పందికి ఆ పొర లేదు. చేనులో సాలీళ్ల కళ్లు కూడా మంచు చుక్కల్లా తళుక్కుమంటాయి, క్వింటాలు బరువున్న పంది మాత్రం నల్లటి ముద్దలా నిలబడి ఉంటుంది. కాబట్టి కళ్ల కోసం కాదు, ఆకారం కోసం వెతకాలి. దూరం పోయే సన్నటి వెలుగు కంటే పక్కలకు పరుచుకునే వెలుగే నాకు పనికొచ్చింది. ఈ టార్చిలో నాకు నచ్చింది అదే. నడిమి మచ్చ చుట్టూ వెడల్పుగా పలచటి వెలుగు పడుతుంది, ఒక్క చూపులో పది పన్నెండు సాళ్లు కనబడతాయి.

ఇక బటన్ కథ. దీనికి ఐదు రకాల వెలుగులు: ఎక్కువ, మధ్యస్తం, తక్కువ, టకటకా కొట్టుకునేది, ఆపదలో సాయం కోసం సైగ చేసే ఎస్ఓఎస్. ఆర్పి మళ్లీ నొక్కిన ప్రతిసారీ తర్వాతి దానికి పోతుంది. పల్లి చేనులో నిలబడి ఎస్ఓఎస్ ఎవరికి పంపాలో తయారు చేసినవాళ్లకే తెలియాలి.

రెండో యాసంగిలో, సంక్రాంతికి వారం ముందు, తెల్లవారుజామున చెట్లు పీకుతున్న చప్పుడు వినబడింది. మంచె దిగి, ఊపిరి బిగబట్టి, దగ్గరిదాకా పోయి నొక్కాను. కొట్టుకునే వెలుగు వచ్చింది. ఆ వెలుగులో పంది ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ కనబడుతుంది తప్ప ఎటు కదులుతోందో తెలియదు. ఆర్పి నొక్కితే ఎస్ఓఎస్. మళ్లీ ఆర్పి నొక్కితే అప్పటికి అసలు వెలుగు వచ్చింది. చూస్తే పది అడుగుల్లో పిల్లల తల్లి నా వైపే తిరిగి ఉంది. వెనక్కి అడుగేశాను, కాలు స్ప్రింక్లర్ పైపుకు తట్టుకుంది. వెల్లకిలా పడ్డాను. కట్టె పైపుకు కొట్టుకుని ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది, టార్చి దొర్లిపోయి సరిగ్గా నా మొహం మీదికే వెలుగు కొట్టింది. పంది నా పక్క నుంచే పోయింది, వాసన తెలిసింది. అంతలో పక్క చేను మంచె మీది నుంచి నాకు అల్లుడి వరసయ్యేవాడి కేక: "ఏం మామా, బరాత్ పెట్టినవా? డీజే ఏదే?"

మోకాలు నెల రోజులు సతాయించింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ ఊళ్లో నడుస్తోంది.

కార్బైన్ లైటుకు ఒకటే వెలుగు ఉండేది. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. ఆ తేడా విలువ నాకు పల్లి చేనులో పడ్డాక గానీ తెలియలేదు. సెల్‌ఫోన్లు బాగు చేసే పిల్లవాడొకడు లోపలి సర్క్యూట్ బిళ్ల మార్చి ఒకటే వెలుగు వచ్చేలా చేసిచ్చాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. టార్చి ధరలో ఆరో వంతు.

బిగింపు కూడా మార్చాను. పైపులకు వేసే ఇనుప హోస్ క్లిప్పులు రెండు, వాటి కింద సైకిల్ ట్యూబు ముక్క. మొదట్లో బొటనవేలికి అందాలని వెనక్కి బిగిస్తే, కట్టె కొన నీడ సరిగ్గా చూడాల్సిన చోటే పడేది. తుపాకి గొట్టం నీడతోనూ ఇదే తంటా. మరీ ముందుకు జరిపితే కొన బరువై మణికట్టు లాగుతుంది. చివరికి ఎడమ పక్కకు, కాస్త పైకి తిప్పి బిగించాను. నీడ కుడివైపు కింద పడుతుంది, అటు నా కాలే ఉంటుంది కాబట్టి పరవాలేదు. ఇంకో సంగతి, వెదురు ఎండేకొద్దీ సన్నబడుతుంది, క్లిప్పు వదులవుతుంది. బలగాల్లో తుపాకులు బాగు చేసే ఆర్మరర్ చేసినట్టు స్క్రూ మీద నుంచి క్లిప్పు మీదికి తెల్ల పెయింటు గీత ఒకటి గీశాను. గీత తెగిందంటే స్క్రూ తిరిగిందన్నమాట.

బ్యాటరీ రెండు రాత్రులు వస్తుందని మొదటి ఏడాది అందరికీ చెప్పాను. అప్పుడు ఎక్కువసేపు తక్కువ వెలుగులో వాడేవాణ్ణి. ఇప్పుడు ఒకటే వెలుగు కాబట్టి ఒక రాత్రి గడిస్తే గొప్ప. దాంతో వచ్చిన 18650 సైజు సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంది, సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే లెక్క అది. ఆ సైజులో మంచి సెల్ అయినా 3,500 ప్రాంతమే, కాబట్టి ఆ అంకెను సంక్రాంతి ముగ్గులా చూసి వదిలేయాలి. ఆ వెడల్పు వెలుగును కూడా కాస్త ఎక్కువే పొగిడాను. మంచు దిగిన రాత్రి అదే ఎదురుగా తెల్లగోడ కడుతుంది.

కొనమంటారా అంటే, నాది మూడెకరాలు, నాలుగు వైపులా తిరిగి రావడానికి పది నిమిషాలు. పదెకరాలవాళ్లకు దూరం పోయే లైటే కావచ్చు. పాముల భయం ఎక్కువున్నచోట కట్టె లైటు ఒక్కటే చాలదు, వెలుగు ముందుకు పోతుంది తప్ప కాళ్ల దగ్గర పడదు. నేను నడుముకు ఇంకో చిన్నది కట్టుకుంటున్నాను. ఇంకొకటి, పందులు ఏ వెలుగుకైనా కొన్నాళ్లకు అలవాటు పడతాయి, డబ్బా చప్పుడు తోడు ఉండాల్సిందే.

మొన్న ఆ పక్క చేను అల్లుడు కూడా ఇలాంటిదే తెచ్చుకున్నాడు. ముందు బిళ్ల మార్పించుకో అల్లుడా అన్నాను. అవసరం లేదన్నాడు. వాడి చేనులో పల్లి ఇంకా పువ్వు మీదే ఉంది.