97, ఆర్చర్డ్ స్ట్రీట్: అద్దెకున్నవారి ఇల్లు

చారిత్రక గృహాలను చూడటానికి వెళ్లినప్పుడు సాధారణంగా మనకు యజమాని వంశవృక్షమూ, నిలువెత్తు చిత్రపటాలూ, షాండ్లియర్లూ చూపిస్తారు. గతంలో నేను చూసిన ఒక పెద్ద భవనంలో గంటసేపు తిప్పి, వంటింట్లో పనిచేసినవారి గురించి ఒక్క మాటైనా చెప్పకుండానే పంపించేశారు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని టెనిమెంట్ (అద్దె వాటాల భవనం) మ్యూజియంలో ఆ కొరత తీరింది. ఎందుకంటే ఇది అద్దెకున్నవారి ఇల్లు.

లూకాస్ గ్లాక్నర్ అనే జర్మన్ దర్జీ 1863లో కట్టించిన ఈ అయిదంతస్తుల ఇటుక భవనంలో 1935 వరకు సుమారు 7,000 మంది నివసించారు. కొత్త గృహ నిబంధనల ప్రకారం మరమ్మతులు చేయించడం కంటే ఖాళీ చేయించడమే నయమని అప్పటి యజమాని భావించడంతో, కింది దుకాణాలు మాత్రం నడుస్తూ, పై వాటాలు అర్ధశతాబ్దం పాటు మూతబడి ఉండిపోయాయి. వలసవచ్చినవారి మ్యూజియం కోసం చోటు వెతుకుతున్న రూత్ ఏబ్రమ్, అనీటా జేకబ్సన్‌ల కంట అది పడింది 1988లో.

ఒక్కొక్క వాటా సుమారు 325 చదరపు అడుగులు: ముందుగది, వంటగది, చిన్న పడకగది. నేరుగా గాలీ వెలుతురూ వచ్చేది ఒక్క ముందుగదికే కాబట్టి, లోపలి గదులకు కాస్తంత వెలుతురు చేరేలా గదుల మధ్య గోడలోనే కిటికీ పెట్టారు. ఆ కిటికీని చూసినప్పుడే ఆ చీకటి ఎంతటిదో నాకు అర్థమైంది. ప్రతి అంతస్తులోనూ మరుగుదొడ్లు వచ్చింది 1905లో. అంతకుముందు అందరూ పెరట్లోకి దిగవలసిందే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గంపర్ట్జ్ కుటుంబం వాటా. 1874 అక్టోబరులో ఒక ఉదయం పనికని బయలుదేరిన జూలియస్ గంపర్ట్జ్ తిరిగి రాలేదు. భార్య నాటలీ బట్టలు కుట్టి పిల్లలను పోషించుకుంది. 1883లో జర్మనీలోని మామగారి ఆస్తి నుంచి 600 డాలర్లు రావలసి ఉండటంతో, భర్త మరణించినట్లు ప్రకటించమని ఆమె న్యాయస్థానాన్ని కోరింది. ఆ దరఖాస్తు పత్రాల వల్లనే ఆమె కథ మనదాకా వచ్చింది. అక్కడి కుట్టుమిషను, కుర్చీలు ఆమె వాడినవి కావు, ఆ కాలానికి తగినవి తెచ్చి అమర్చినవి. ఏది ఆధారం, ఏది అమరిక అన్నది దాచకుండా చెప్పే పద్ధతి వల్లనే ఇక్కడి మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

బాల్డిజీ కుటుంబం వాటా సంగతి వేరు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అక్కడే పెరిగిన జోసెఫీన్ పెద్దయ్యాక తన జ్ఞాపకాలను చెప్పగా, ఆ గదులను వాటి ప్రకారమే అమర్చారు. రికార్డు చేసిన ఆమె గొంతు ఆ వంటగదిలోనే వినిపిస్తుంటే, ఆ ఇంటి మనిషే మనకు ఇల్లు చూపిస్తున్నట్లు ఉంటుంది.

2023 చివరలో తెరిచిన జోసెఫ్ మూర్, రేచెల్ మూర్ దంపతుల వాటా గురించి కొంత వివరంగా చెప్పాలి. ఈ నల్లజాతి దంపతులు ఈ భవనంలో ఎన్నడూ నివసించలేదు. ఇక్కడ నివసించిన ఐరిష్ వెయిటర్ జోసెఫ్ మూర్ పేరు పక్కనే, నగరవాసుల పేర్లూ వృత్తులూ ఉండే డైరెక్టరీలో అదే పేరుతో, అదే వృత్తిలో ఉన్న ఈ నల్లజాతి జోసెఫ్ కనిపించడంతో పరిశోధన మొదలైంది. లేనివారిని ఈ ఇంట్లోకి తేవడం సబబేనా అన్న సందేహం నాకూ కలిగింది. అయితే, ఆ దంపతులు వేరే వీధిలో ఉండేవారన్న సంగతిని కథలో భాగంగానే చెబుతున్నారు గనుక, అదే కాలంలో ఎవరికి ఎక్కడ ఇల్లు దొరికేదన్న ప్రశ్న సూటిగా ముందుకు వస్తుంది. ఈ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను.

వాటాలను గైడు వెంట మాత్రమే చూడగలం. ఒక్కో పర్యటనలో కొన్ని కుటుంబాల కథలే ఉంటాయి. ఒకే రోజు అన్నీ చూడాలని తొందరపడవద్దు. పాత భవనంలో లిఫ్టు లేదు కనుక, మెట్లెక్కలేని పెద్దవారు వెంట ఉంటే అదే వీధిలో మ్యూజియానికే చెందిన 103వ నంబరు భవనంలోని ప్రదర్శనను ఎంచుకోండి. 1945 తరువాతి కాలానికి చెందిన యూదు, ప్యూర్టోరికన్, చైనీస్ కుటుంబాల ఇళ్లు అక్కడ ఉన్నాయి. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం నాటలీ వాటా ఉన్న పర్యటనకే వెళ్లండి.