నాలుగు నెలలు ఒక్క ఐటెం కూడా నేర్పలేదు, అయినా ఇక్కడే ఉన్నాం

మా పాపకి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా ఈ కూచిపూడి క్లాసుకి వస్తోంది. చేర్పించేముందు నేనూ ఇక్కడి రివ్యూలన్నీ చదివాను, అన్నిట్లోనూ ‘టీచరుగారు బాగా చెప్తారు’ అనే ఉంది తప్ప ఏం చెప్తారో, ఎలా చెప్తారో ఎవరూ రాయలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంతకుముందు వేరే చోట మూడేళ్ళు నేర్చుకుంది. అక్కడ అడుగులు గట్టిగా నేర్పారు, కాదనను. అభినయం, అంటే ముఖంలో భావం చూపించడం, దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘నవ్వు, ఇంకా నవ్వు, కళ్ళు పెద్దవి చెయ్యి’, అంతే. యాన్యువల్ డే వీడియోలో పిల్లలందరిదీ ఒకటే ముఖం. కృష్ణుడు వెన్న తిన్నా అదే నవ్వు, యశోద కోప్పడినా అదే నవ్వు. ఒకరోజు అక్కడి టీచరు అందరి ముందూ మా పాపని ‘నీ ముఖంలో ఏమీ పలకడం లేదు’ అన్నారట. ఆ తర్వాత మా పాప ఇంట్లో మా ఎదురుగా చెయ్యడం కూడా మానేసింది, తలుపేసుకుని ప్రాక్టీస్ చేసుకునేది.

ఇక్కడ చేరాక మొదటి నాలుగు నెలలూ ఐటెం (స్టేజీ మీద చేసే పూర్తి నృత్యం) ఊసే లేదు. నాకు టెన్షనే. ఒక ఆదివారం వెనక కూర్చుని చూశాను. కటకాముఖ హస్తం అనే చేతిముద్ర చేయిస్తున్నారు. అసంయుత హస్తాలు, అంటే ఒంటిచేత్తో పట్టే ముద్రలు, ఇరవై ఎనిమిదీ పిల్లలకి నోటికి వచ్చు, కటకాముఖం పువ్వు కోయడానికి అని శ్లోకంతో సహా చెప్పేస్తారు. టీచరుగారు ‘ఏం పువ్వు కోస్తున్నావమ్మా?’ అని అడిగారు. ‘పువ్వే టీచర్’ అంది ముందున్న అమ్మాయి. ‘గులాబీ అయితే ముళ్ళుంటాయి కదా, మందారమైతే కొమ్మ వంచాలి కదా, నువ్వు ఏ చెట్టు దగ్గరున్నావో నాకెలా తెలుస్తుంది?’ అన్నారు. అంతే, ఇక ఏమీ చేసి చూపించలేదు. ఎవరికి తోచింది వాళ్ళని చెయ్యమని పక్కకి వెళ్ళి కూర్చున్నారు. ఒకమ్మాయి మునివేళ్ళ మీద లేచి పై కొమ్మ అందుకుంది. మా పాప నిలబడి చాలాసేపు ఆలోచించింది, తర్వాత కింద కూర్చుని నేలమీంచి ఒక్కొక్కటే ఏరి, మట్టి ఊది, కొంగులో వేసుకున్నట్టు చేసింది. చూస్తున్న పిల్లల్లోంచి ఒకబ్బాయి ‘పారిజాతాలు!’ అని అరిచాడు. మా అత్తగారింట్లో పెరట్లో చెట్టుంది, తెల్లారేసరికి రాలిన పూలు వాళ్ళ నానమ్మ అచ్చం అలాగే ఏరుతుంది. టీచరుగారు ‘ఇది నేను నేర్పలేదు, నువ్వే తెచ్చుకున్నావు’ అన్నారు. దాని ముఖం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక్కడి పద్ధతంతా దాదాపు ఇదే. ఒకరు చేస్తే మిగతావాళ్ళు కూర్చుని చూడాలి, బాగుంది బాగాలేదు అనకూడదు, తమకి ఏం కనిపించిందో చెప్పాలి. పారిజాతాలు ఏరితే గులకరాళ్ళు ఏరినట్టు కనిపించిందనుకోండి, మళ్ళీ చెయ్యాలి. తిట్లు లేవు, కానీ వదిలిపెట్టడమూ లేదు. చూపు తప్పితే, హస్తం వదులైతే వెంటనే ఆపుతారు, భావం పేరు చెప్పి తాళం తప్పితే ఒప్పుకోరు. అది నాకు బాగా నచ్చింది.

ఇంకోటి, పిల్లల చేత మాట్లాడిస్తారు. కూచిపూడిలో వాచికాభినయం, అంటే నోటితో మాట చెప్తూ నటించడం, ముఖ్యం, భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ పాత్రధారి స్వయంగా సంభాషణ చెప్పాలి. చాలా క్లాసుల్లో దీన్ని పక్కన పెట్టేసి రికార్డు మీద పెదాలు కదిలిస్తున్నారు. ఇక్కడ చిన్న చిన్న మాటలతో మొదలుపెట్టి గొంతెత్తి చెప్పిస్తారు. స్కూల్లో చెయ్యెత్తడానికే భయపడే మా పాప మొన్న దసరాకి గుడి స్టేజీ మీద మధ్యలో అడుగు మర్చిపోయింది, కంగారుపడి లోపలికి పరుగెత్తకుండా అదే భావంలో నిలబడి, పల్లవి మళ్ళీ రాగానే అందుకుంది. పాత క్లాసులో అయితే ఏడ్చేది.

మగపిల్లలు కూడా నలుగురున్నారు. వాళ్ళలో ఒకణ్ణి ‘ఆడపిల్లల డ్యాన్సు’ అని బయట ఎవరో ఏడిపిస్తే టీచరుగారు వాళ్ళకి ఆడవేషాలు వేసిన కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మగారి గురించి చెప్పారు. ఆయన సత్యభామ వేషానికి ఎంత పేరో తెలిశాక ఆ పిల్లాడే వెళ్ళి ‘నాకూ జడ వేసుకునే సత్యభామ వేషం కావాలి’ అని అడిగాడట.

ఇబ్బందులూ ఉన్నాయి. చిన్నపిల్లల బ్యాచ్‌లో మరీ ఎక్కువమంది, ఒక్కొక్కరి వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. రెండో టీచరుని పెడితే బాగుంటుంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. ఏడాదిలో టీవీ ప్రోగ్రాంకి పంపాలి, సర్టిఫికెట్ రావాలి అనుకునేవాళ్ళకి ఇది కుదరదు, ఆ మాట టీచరుగారే మొదటిరోజు చెప్పేస్తారు.

చేర్పించేముందు ఒక ఆదివారం వచ్చి వెనక కూర్చుని చూడండి, ఎవరూ వద్దనరు. బోర్డు మీద పదకొండింటికి అయిపోతుందని ఉంటుంది గానీ పన్నెండవుతుంది. పిల్లలకి కాస్త టిఫిన్ గట్టిగా పెట్టి తీసుకురండి.