పీహెచ్ మీటరు రెండేళ్ల తర్వాత: 5.9 అన్న అంకెను నమ్మి మొగ్గలు పోగొట్టుకున్నాను

మియాపూర్‌లో మా ఫ్లాటుకు ఎండ రాదు. వెనక గదిలో ఎల్‌ఈడీ దీపాల కింద, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన పన్నెండు కుండీల్లో చేమంతి పెంచుతాను. చేమంతి రాత్రి పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది, అందుకే అది చలికాలపు పువ్వు. జూలైలోనే టైమరు పెట్టి రోజూ 13 గంటల చీకటి ఇస్తే బతుకమ్మ నాటికి విచ్చుకుంటుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి ఎన్ని పూలు తెచ్చినా, బతుకమ్మ మీద కనీసం ఒక వరుస మా గదిలో పూసినవి ఉండాలని మా అమ్మ కోరిక. నిరుడు ఆ వరుస పేర్చలేకపోయాం. నీళ్ల పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అన్న కొలత) చూపే ఈ పెన్ను మీటరు మీద నా కోపమంతా అందుకే.

కొన్న ఆరు నెలలకు దీన్ని ముగ్గురు స్నేహితులకు సిఫారసు చేశాను. పది సెకన్లలో అంకె చూపిస్తుందని, రెండు దశాంశాల దాకా చెబుతుందని మెచ్చుకున్నాను. వేగం విషయంలో ఆ మాట ఇప్పటికీ నిజమే. దశాంశాల సంగతి చెబుతాను.

ఆగస్టు చివర్లో మొగ్గలు శనగగింజంత ఉన్నప్పుడు కొసన ఉన్న లేత ఆకులు పాలిపోయాయి. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కింది. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు మొత్తంగా పసుపెక్కుతాయి. మెగ్నీషియం తక్కువైనా ఈనెల మధ్య పసుపు ఇలాగే కనిపిస్తుంది గానీ, అదీ ముదురాకుల్లోనే మొదలవుతుంది. ఆ రెండింటినీ మొక్క పాత ఆకుల నుంచి లాగి కొత్త వాటికి పంపుకోగలదు. ఇనుమును అలా పంపలేదు కాబట్టి దాని లోటు చిగుళ్లలో బయటపడుతుంది. ఇది ఇనుము లోటే అని మొదటి రోజే గుర్తుపట్టాను. అయితే పీహెచ్ 7 దాటినప్పుడు కూడా, కుండీలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అందుకే మీటరు ముంచి చూశాను. 5.9 చూపింది. పీహెచ్ బాగానే ఉందంటే ఇనుమే చాలలేదన్నమాట అనుకున్నాను.

ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే ఈడీటీఏతో కలిసిన ఇనుము మోతాదు పెంచాను. వారం చూశాను, మార్పు లేదు. మళ్లీ పెంచాను. ఈసారి ఆకుల అంచులు మాడాయి. లవణాలు పేరుకున్నాయని కుండీలన్నీ నీళ్లతో కడిగాను. ఆ నీళ్లు మా బోరువి, పీహెచ్ పెంచే బైకార్బొనేట్లు నిండిన నీళ్లు. ప్రతిసారీ మీటరు 5.9కి అటూ ఇటూగా చూపిస్తూనే ఉంది. మూడు వారాలు గడిచాయి, మొగ్గలు ఎదగలేదు.

కింది అంతస్తులో రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఉంటారు. ఆయన మొక్కల కంటే ముందు మీటరు అడిగారు. "దీన్ని చివరిసారి బఫర్లో ఎప్పుడు చూశావమ్మా?" అన్నారు. పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణమే బఫర్, మీటరును సరిచూసేది దానిలోనే. కొన్న కొత్తలో చూశాను, అంతే. తన చేపల తొట్టె కోసం ఉంచుకున్న రంగు చుక్కలు తెచ్చి, కుండీ అడుగు నుంచి కారిన నీటిలో వేశారు. ఆ చుక్కలు 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఆకుపచ్చ, 7.6కు చేరేసరికి నీలం. మా నీళ్లు నీలానికి తిరిగాయి. తర్వాత 6.86 బఫర్లో మీటరు ముంచితే 5.4 చూపింది, 9.18లో 7.7 చూపింది. అంటే నేను 5.9 అనుకుంటూ పోసిన నీళ్లు నిజానికి ఏడున్నరకు దగ్గర. ఆ పీహెచ్ దగ్గర ఈడీటీఏ కూడా ఇనుమును సరిగా పట్టి ఉంచలేదు. నేను వేసింది చాలావరకు వృథా.

కారణంలో నా పాలూ ఉంది. మీటరు కొసన కొలిచే భాగమైన ఎలక్ట్రోడు గాజు బుడ్డి ఎండిపోకూడదని మూతలో ఆర్‌ఓ నీళ్లు పోసి ఉంచేదాన్ని. అంతకంటే శుభ్రమైన నీళ్లు లేవనుకున్నాను. ఎలక్ట్రోడు లోపలి పొటాషియం క్లోరైడును ఆ నీళ్లు కొంచెం కొంచెంగా లాగేస్తాయట. దాన్ని పొటాషియం క్లోరైడు ద్రావణంలోనే ఉంచాలి. మీటరుతో వచ్చిన కాగితంలో ఆ మాట లేదు, "కడిగి మూత పెట్టండి" అని మాత్రమే ఉంది. బఫర్లో సరిచేసి చూశాను. రెండు రోజుల్లో మళ్లీ తప్పింది. ఎలక్ట్రోడు మార్చే వీలు లేదు. తెర మాత్రం కొన్న రోజులాగే వెలుగుతోంది, పది సెకన్లలో రెండు దశాంశాలు చూపిస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే. తాను పాడైనట్టు ఎక్కడా ఒక్క గుర్తు ఇవ్వదు.

చుక్కలు చూసుకుంటూ నీళ్ల పీహెచ్ తగ్గించాక పది రోజులకు పచ్చటి చిగుళ్లు వచ్చాయి. పసుపెక్కిన పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు. సద్దుల బతుకమ్మ నాటికి మూడు కుండీలే పూశాయి, మిగతావి దీపావళికి.

మట్టిలో, మంజీరా కుళాయి నీళ్లతో పెంచేవారికి ఈ మీటరు చాలవచ్చు, అసలు అవసరమే లేకపోవచ్చు. మట్టి కొంత సర్దుకుంటుంది. నాలా కోకోపీట్, బోరు నీళ్లు, గడువుతో పూయించాల్సిన పూలు ఉంటే మాత్రం ఎలక్ట్రోడు మార్చుకునే రకం కొనమంటాను. నేను అదే కొన్నాను. ధర మూడింతలు పడింది. ఆదివారం ఆదివారం 6.86లో ముంచి చూస్తున్నాను, పక్కనే చుక్కల సీసా ఉంచుకున్నాను. కొత్తదానికి ఇంకా ఏడు నెలలే. పాతది కూడా ఏడు నెలలప్పుడు బాగానే చూపించింది, కాబట్టి దీన్ని ఇప్పుడే మెచ్చుకోలేను.