మొండి ట్రిగ్గరే మేలు: ఆరేళ్ళుగా నా వెంట ఉన్న 642 రివాల్వర్

స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ చిన్న రివాల్వర్ 642 ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే ఫిర్యాదు ఒక్కటే: ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంటుందని. ఆరేళ్ళుగా దాదాపు ప్రతి రోజూ ఈ రివాల్వర్‌ను వెంట ఉంచుకున్న నాకు దానిలో అన్నిటికన్నా నచ్చినది ఆ గట్టిదనమే. తూటాను పేల్చే సుత్తి, అంటే హ్యామర్, లోపలే దాగి ఉంటుంది కాబట్టి దాన్ని ముందుగా వెనక్కి లాగి ట్రిగ్గర్‌ను తేలిక చేసుకునే వీలు లేదు. ప్రతి తూటాకూ సుమారు పన్నెండు పౌండ్ల, అంటే దాదాపు ఐదున్నర కిలోల బలంతో చివరిదాకా లాగాల్సిందే. వేలితో వేసి తీసే సేఫ్టీ మీట ఏదీ దీనికి లేదు. ఆ లాగుడే సేఫ్టీ.

నేను టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఒక చిన్న గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. రాత్రి పదకొండు గంటలకు షాపు మూసి, గల్లాపెట్టె డబ్బు సంచిలో వేసుకుని కారు దాకా నడిచే ఆ నలభై అడుగుల కోసమే నాకు తుపాకీ అవసరమైంది. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆ ఆలోచనే చేయలేదు. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి తెలియని మనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు కనుక ఇక్కడ చెప్పక తప్పడం లేదు.

2018లో మొదట కొన్నది రివాల్వర్ కాదు. దుకాణదారు మాట మీద తీసుకున్న పలుచటి పిస్టల్ అది, ట్రిగ్గర్ తేలిక. మా ఆవిడ దాని పైభాగంలో జరిగే స్లైడ్‌ను ఎంత ప్రయత్నించినా వెనక్కి లాగలేకపోయింది. నా ఇబ్బంది వేరు. ఛాంబర్‌లో తూటా ఉంచుకుని, అంటే పేల్చడానికి సిద్ధంగా పెట్టుకుని, తిరగాలంటే భయం. ఖాళీగా ఉంచితే ఆపద వేళ స్లైడ్ లాగడానికి రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో డబ్బు సంచి ఉంటుంది. ఏడాది తిరగకుండానే దాన్ని అమ్మేసి 642 కొన్నాను.

ఇక అసలు సంగతి. కొన్న రెండో చలికాలంలో ఒక సాయంత్రం, ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడడానికి వెళ్ళాను. ద్వారం దగ్గర 30.06 బోర్డు ఉంది. దాచిన తుపాకీతో లోపలికి రావద్దని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉండే బోర్డు అది. వెనక్కి వచ్చి రివాల్వర్‌ను కారులోని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్ళాను. తిరిగి వచ్చాక బయట చలికి ఓర్వలేక, డ్రైవర్ సీట్లో కూర్చునే, జాకెట్ విప్పకుండానే, దాన్ని కుడి నడుము దగ్గర ఉండే తుపాకీ ఒరలోకి, అంటే హోల్‌స్టర్‌లోకి దింపబోయాను. సగం దిగి ఆగిపోయింది. జాకెట్ మడత అడ్డు పడిందనుకుని ఇంకాస్త నొక్కాను. అప్పుడు అరచేతికి ఏదో తేడా తెలిసింది. బట్ట అడ్డు పడితే మెత్తగా ఉంటుంది, ఇది స్ప్రింగులా ఎదురు తన్నుతోంది. అక్కడితో ఆపి, మెల్లగా బయటికి తీసి లోపలి దీపం వెలుగులో చూశాను. జాకెట్ నడుము తాడు చివరనుండే ప్లాస్టిక్ గుండీ ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి దూరి, తాడు ట్రిగ్గర్‌కు మెలిక పడి ఉంది. ట్రిగ్గర్ లాగితే తిరిగే, తూటాలు ఉండే సిలిండర్ తన గాడిలో లేదు, కొద్దిగా పక్కకు తిరిగి ఆగి ఉంది. అంటే ట్రిగ్గర్ కొంతదూరం వెనక్కి వెళ్ళిందన్నమాట. ఆ క్షణంలో గొట్టం నా తొడకు ఆనుకుని ఉంది.

పాత పిస్టల్ అయితే పేలి ఉండేదని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ దాని ట్రిగ్గర్‌కు ఇందులో సగం బలం కూడా అక్కరలేదు, నేను నొక్కిన నొక్కుడు తక్కువదేమీ కాదు. తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు కారులో దాచాల్సి వస్తే హోల్‌స్టర్‌తో సహా తీసి పెడతాను, హోల్‌స్టర్‌తో సహానే తిరిగి పెట్టుకుంటాను. ఇంట్లో ఉన్న జాకెట్ల తాళ్ళన్నీ మా ఆవిడ ఆ రాత్రే కత్తిరించింది, పిల్లలవి కూడా.

రివాల్వర్ ఎన్నడూ మొరాయించదని మొదటి ఏడాది నేను కనిపించిన వారందరికీ చెప్పాను. ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. ఒకసారి కాల్పుల సాధన చేసే రేంజిలో తూటాలు మార్చుకుంటున్నప్పుడు గొట్టాన్ని పైకెత్తకుండా, నేలవైపు ఉంచే కాల్చిన తూటాల ఖాళీ తొడుగులను తోసేశాను. కాలని తుపాకీ మందు రేణువులు నాలుగైదు, తొడుగులను బయటికి నెట్టే నక్షత్రం వంటి బిళ్ళ కింద చేరాయి. ఆవగింజలో పదో వంతు కూడా లేవు, అయినా సిలిండర్ తిరగలేదు. పాత టూత్‌బ్రష్‌తో రెండు నిమిషాల్లో శుభ్రం చేశాను, కానీ షాపు వెనక చీకట్లో ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వరు.

పొగిడిన ట్రిగ్గరే గురి విషయంలో వేధిస్తుంది. తుపాకీ వెంట ఉంచుకునేందుకు టెక్సస్ ఇచ్చే లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి. నేను ఒక మిత్రుడి పెద్ద పిస్టల్ అడిగి తీసుకుని దానితో నెగ్గాను. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ లైసెన్సు లేకుండానే వెంట ఉంచుకోవచ్చు గానీ, పక్క రాష్ట్రాల ప్రయాణాల కోసం దాన్ని కొనసాగిస్తున్నాను. 642తో ఏడు గజాల దాకా ధైర్యం ఉంది, పదిహేను గజాల దగ్గర నా తూటాలు కాగితమంతా చెల్లాచెదురవుతాయి. తేలికపాటి తుపాకీ కనుక పేల్చినప్పుడు చేతికి తగిలే తన్ను కూడా ఎక్కువే. యాభై తూటాలు కాల్చిన సాయంత్రం సీసా మూత తిప్పలేను. అక్కడ స్లైడ్ లాగలేని మా ఆవిడకు ఇక్కడ ట్రిగ్గర్ లాగడం కష్టమైంది, అందుచేత ఇది ఇంటిల్లిపాదికీ పనికొచ్చే ఆయుధం కాదు. ట్రిగ్గర్ గట్టిది కదా, పిల్లల వల్ల భయం లేదనుకోవడం కూడా పొరపాటే. రెండు బొటనవేళ్ళూ కలిపి నొక్కితే పిల్లవాడికైనా సాధ్యమే. ఇంట్లో అది తాళం పెట్టెలోనే ఉంటుంది. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే ఈ రాష్ట్రంలో అది నేరం కూడా.

నాకు యాభై రెండేళ్ళు, నా అవసరం నలభై అడుగుల నడక, వేసవంతా దాన్ని జేబు హోల్‌స్టర్‌లోనే ఉంచుకుంటాను. ఈ లెక్కలో 642ను మార్చే ఉద్దేశం నాకు లేదు. వయసులో ఉండి, వారం వారం రేంజికి వెళ్ళి, బెల్టు మీద గట్టి హోల్‌స్టర్ పెట్టుకునే ఓపిక ఉంటే బొటనవేలి సేఫ్టీ ఉన్న పిస్టల్ వైపే మొగ్గేవాణ్ణేమో. హైదరాబాద్ ప్రయాణం ఉన్న ప్రతిసారీ మాత్రం బ్యాగులు, ప్యాంటు జేబులు తలకిందులు చేసి దులుపుతాను. ఒక్క తూటా దొరికినా అక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసే. పోయినసారి దులిపితే పడ్డది పాత జాకెట్ తాడు చివరి గుండీ.